1,80,000 కిలోమీటర్లు తిరిగిన బండి మనకెందుకు?

మా హోసూరు ఇంట్లో నెలరోజులుగా ఇదే రచ్చ. 1,80,000 కిలోమీటర్లు తిరిగిన డీజిల్ కారు చౌకగా వస్తోందని చిన్నాన్న పట్టు. నానమ్మ దాచుకున్న డబ్బు దాంట్లో పోస్తామంటే మేం ఒప్పుకోం.

2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ అదుపు ఎత్తేశారు. పెట్రోలుతో ఉండే ఆ పాత తేడా ఇప్పుడెక్కడిది? రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లకి గిట్టుతుందేమో. మనం తిరిగేదెంత? సంతకి, బడికి, ఏడాదికి రెండుసార్లు కుప్పం. ఇంజెక్టర్లు, టర్బో, క్లచ్ ఒకదాని వెనక ఒకటి పోతే ఆదా అయిందంతా మెకానిక్కుకే. అసలు ఆ మీటరైనా నిజమేనా? సర్వీసు కాగితాలు అడిగితే అమ్మేవాడు నవ్వుతున్నాడు!

చిన్నాన్నా, కుప్పంలో చుట్టాల ముందు పెద్ద బండి దిగాలనే కదా ఇదంతా? కృష్ణగిరిలో బస్సు మారితే చాలు, వెళ్లిపోవచ్చు. ముందు నానమ్మ మోకాలి ఆపరేషన్ చేయిద్దాం.