పిల్లల బీమా సంగతి

సంఘం సమావేశాల్లో నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: “ఊళ్ళో ఆరోగ్యశ్రీ ఉంది కదండీ, మళ్ళీ పిల్లలకు బీమా ఎందుకు?”

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ అక్కడి కుటుంబాల కోసం పెట్టినది. రేషన్ కార్డు చంద్రపూర్‌కు మార్చుకున్న మనవాళ్ళకు వర్తించేది మహాత్మా జ్యోతిరావ్ ఫూలే జన ఆరోగ్య యోజన. అందులో లేని చికిత్సలూ, ఆసుపత్రులూ ఉన్నాయి. బొగ్గు గనుల్లో, బల్లార్‌పూర్ కాగితం మిల్లులో కంపెనీ వైద్యం ఉన్నా, అది ఉద్యోగంతో ముడిపడినది. ఉద్యోగం మారితే పిల్లలకు ఆ అండ పోవచ్చు.

అందుకే ప్రైవేటు పాలసీ తీసుకునేవారు బిడ్డ ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోవాలి. మామూలుగా మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప డబ్బు ఇవ్వరు. ముందునుంచీ ఉన్న జబ్బుకైతే, 2024 నిబంధనల ప్రకారం, గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి. అలాగని జబ్బు దాచకండి. అవసరం పడ్డ రోజున క్లెయిము తిరస్కరిస్తారు. చాలా పాలసీల్లో పసిబిడ్డను 90 రోజులు నిండాకే చేరుస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీల ప్రీమియంపై 18 శాతం జి.ఎస్.టి. తీసేశారు.

పెద్ద జబ్బు చేస్తే మనం నాగపూర్‌కో హైదరాబాద్‌కో పరుగెత్తుతాం. ముందుగా డబ్బు కట్టకుండా చేర్చుకునే ఆసుపత్రులు అక్కడా, ఇక్కడా ఏవున్నాయో సంతకానికి ముందే చూసుకోండి. కాగితాలు అందాక నచ్చకపోతే 30 రోజుల్లోగా పాలసీ వెనక్కి ఇచ్చేయవచ్చు. ఇంగ్లీషు కష్టమనిపిస్తే పట్టుకు రండి, కూర్చుని చదువుదాం.