టీఎస్‌హెచ్ నార్మల్.. అయినా నీరసం తగ్గట్లేదా? పిట్యూటరీ దెబ్బతింటే ఆ ఒక్క టెస్టు చాలదు!

కాన్పులో రక్తం బాగా పోయింది. ఎక్కించారు, ప్రాణం దక్కింది. కానీ బిడ్డకు పాలు పడలేదు. నెలసరి మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి నీరసం, చలికి తట్టుకోలేకపోవడం, లో బీపీ. ఇంట్లో వాళ్లు 'రక్తం తక్కువ' అనుకుంటారు. టానిక్‌లతోనే కాలం గడిచిపోతుంది. నిజానికి ఇవన్నీ కలిపి చూస్తే గుర్తుకు రావాల్సిన జబ్బు షీహన్ సిండ్రోమ్. 1937లో దీన్ని వివరించిన బ్రిటిష్ పాథాలజిస్ట్ హెరాల్డ్ షీహన్ పేరే దీనికి పెట్టారు.

మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి గర్భంతో ఉన్నప్పుడు పెరుగుతుంది. రక్తం ఒక్కసారిగా తగ్గితే అక్కడి కణాలు చచ్చిపోతాయి. థైరాయిడ్, అడ్రినల్, అండాశయాలు.. అన్నింటికీ ఆర్డర్లు వెళ్లేది అక్కడినుంచే. ధనిక దేశాల్లో ఈ జబ్బు అరుదైపోయింది, మన దగ్గర ఇంకా కనిపిస్తూనే ఉంది. పిట్యూటరీలో గడ్డలు, వాటికి చేసే ఆపరేషన్, చివరికి రక్తపింజర కాటు కూడా ఇదే పని చేయొచ్చు.

చిక్కు ఎక్కడంటే.. టీఎస్‌హెచ్‌ను తయారుచేసేదే పిట్యూటరీ. అది పాడైతే థైరాయిడ్ పడిపోయినా టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనిపించొచ్చు. ఫ్రీ టీ4 కూడా చూడాల్సిందే. చాలామంది ఇక్కడే ఏళ్లు పోగొట్టుకుంటున్నారు.

మందుల వరుస తప్పినా ప్రమాదమే. కార్టిసోల్ లోటు ఉన్నవాళ్లకు ముందు థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ఉన్న కొద్దిపాటి కార్టిసోల్ ఇంకా త్వరగా ఖర్చయిపోతుంది. బీపీ పడిపోయి మనిషి కుప్పకూలొచ్చు. అందుకే మొదట స్టెరాయిడ్, తర్వాతే థైరాక్సిన్.

డోసు సంగతి మరీ సున్నితం. పెద్దవాళ్లకు హైడ్రోకార్టిసోన్ సాధారణంగా రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు, రెండు మూడు విడతలుగా. ఎక్కువ భాగం పొద్దున లేవగానే. ఇది సరిపోయిందో లేదో కచ్చితంగా చెప్పే రక్తపరీక్ష లేదు. బరువు, షుగర్, బీపీ పెరుగుతుంటే డోసు ఎక్కువైందేమో, వికారం, నీరసం ఉంటే తక్కువైందేమో అని చూడాలి. అంటే పేషెంట్ చెప్పేది డాక్టర్ ఓపిగ్గా వినాలి. ఐదు నిమిషాల ఓపీలో అది కుదురుతుందా? ఈస్ట్రోజెన్ మాత్రలు మొదలుపెడితే థైరాక్సిన్ డోసు మళ్లీ పెంచాల్సి రావొచ్చు. గ్రోత్ హార్మోన్ అయితే రోజూ ఇంజెక్షన్. వయసును బట్టి తక్కువతో మొదలుపెట్టి, ఐజీఎఫ్-1 చూస్తూ పెంచాలి. ఖర్చు ఎక్కువ కాబట్టి మామూలు కుటుంబాల్లో దాని ఊసే ఉండదు.

స్టెరాయిడ్ అలా కాదు, పెద్ద ఖరీదేం లేదు. కానీ 'స్టెరాయిడ్ మంచిది కాదంట' అని ఎవరో చెబితే మానేస్తారు చూడండి, అసలు భయం అది. ఇక్కడ ఆ మాత్ర శరీరంలో లేనిదాన్ని భర్తీ చేస్తోందంతే. జ్వరం వస్తే మానడం కాదు, డాక్టర్ ముందే చెప్పిన ప్రకారం రెండు మూడు రెట్లు చేయాలి. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లి 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ చేయించుకోవాలి. స్పృహ లేని స్థితిలో చేరిస్తే అక్కడి డ్యూటీ డాక్టర్‌కు విషయం తెలియాలి కదా.. అందుకే జబ్బు పేరు, వాడే మందు రాసిన కార్డు ఎప్పుడూ పర్సులో ఉండాలి.