పుట్టినరోజు దాటి 30 రోజులు



పోయిన నెల ఒక ఆదివారం మా అక్క కూతురు న్యూయార్క్ నుండి ఫోన్ చేసింది. డర్బన్‌లో పుట్టి పెరిగిన పిల్ల, ఇప్పుడు అక్కడ అటార్నీ. "పిన్నీ, నా పుట్టినరోజు దాటిపోయింది" అంది, ఏడుపు గొంతుతో. శుభాకాంక్షలు చెప్పానే, ఏమయింది అనుకున్నాను.

అక్కడి అటార్నీలు రెండేళ్ళకొకసారి, పుట్టినరోజు తర్వాత 30 రోజుల లోపల, రిజిస్ట్రేషన్ పత్రం ఇవ్వాలి. ఆ రెండేళ్ళలో 24 క్రెడిట్ల చదువు పూర్తి చేశామని అందులో తామే రాసి ఇవ్వాలి. ఒక క్రెడిట్ అంటే 50 నిమిషాలు. కనీసం 4 క్రెడిట్లు వృత్తి నీతి మీద ఉండాలి, ఒకటి సైబర్ భద్రత మీద. మా పిల్ల దగ్గర ఉన్నవి 9.

15 క్రెడిట్లు, 750 నిమిషాలు, పన్నెండున్నర గంటలు. లెక్కల టీచరును కదా, వెంటనే చెప్పేశాను. నెలకొకటి చేసుకుంటే సరిపోయేదమ్మా అని కూడా అన్నాను. అలాంటప్పుడు ఆ మాట అనకూడదు.

"సర్టిఫికెట్లు ఇప్పుడు పంపక్కరలేదు పిన్నీ. టిక్ పెడితే చాలు" అంది మెల్లగా. సర్టిఫికెట్లు 4 ఏళ్ళు దాచాలనీ, తనిఖీలో అడగవచ్చనీ తనకు తెలుసు. వీడియో పెట్టి బట్టలు ఉతుక్కోవడమూ కుదరదట. మధ్యలో ఒక కోడ్ వస్తుంది, అది రాసుకోవాలి.

నాకు కోపం రావాలి. రాలేదు. మన టీచర్లకూ ఇదే పని ఉంది కదా: మూడేళ్ళలో 150 పాయింట్లు. కొన్నేళ్ళ కింద ఒక వర్క్‌షాపులో రిజిస్టరులో సంతకం పెట్టి, టీ తాగి, ఇంటికి వచ్చేశాను. పాయింట్లు మాత్రం రాసుకున్నాను. మరునాడు క్లాసులో హోంవర్కు కాపీ కొట్టిన అబ్బాయిని నిలబెట్టాను.

పిల్ల టిక్ పెట్టలేదు. నాలుగు వారాంతాలు కూర్చుంది. ఒక్కో సర్టిఫికెట్ వచ్చినప్పుడల్లా నాకు మెసేజ్ పెట్టేది. తనకు రాత్రి, నాకు తెల్లవారుజాము. చివరిది గడువుకు రెండు రోజుల ముందు వచ్చింది.

అప్పుడు నా సంతకం సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"ఏ సంవత్సరం, పిన్నీ?" అని అడిగింది.