వాయిదా తేదీ వెతుక్కునే హక్కు

గృహహింస చట్టం 2005లో వచ్చింది. మొదటి వాయిదా మామూలుగా 3 రోజుల్లో వేయాలనీ, ఆ తర్వాత 60 రోజుల్లో కేసు తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలనీ 12వ సెక్షన్ చెబుతోంది. ఆచరణలో ఏం జరుగుతోందో స్త్రీ సంఘాల్లో పనిచేసేవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు. వాయిదా మీద వాయిదా. అందుకే కేసు వేసిన స్త్రీకి అన్నిటికన్నా ముందు తెలియాల్సింది ఒక్కటే: తన వాయిదా ఎప్పుడు?

ఈ సమాచారం ఇప్పుడు ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో ఉంది. డబ్బు కట్టనక్కర్లేదు, ప్లీడరు గుమాస్తాని బతిమాలనక్కర్లేదు. ఇది మంచి మార్పే, కాదనను. కానీ సమాచారం ఉండటం వేరు, అది దొరకడం వేరు.

16 అక్షరాలూ అంకెలూ కలిసిన సి.ఎన్.ఆర్. నంబరు చేతిలో ఉంటే పని సులువే. కాగితాలన్నీ ప్లీడరు దగ్గర ఉండిపోయిన స్త్రీకి మిగిలేది పేరుతో వెతకడం. అందుకు జిల్లా, కోర్టు సముదాయం, కేసు నమోదైన సంవత్సరం ఇవ్వాలి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. లక్ష్మి అన్న పేరుని 'కె.ఎస్.'తో రాశారో, 'ఎక్స్'తో రాశారో ఆమెకెలా తెలుస్తుంది? ఇంటిపేరు పుట్టింటిది ఎక్కించారా, అత్తింటిదా? పెళ్లితో మారేది స్త్రీ ఇంటిపేరే. కాబట్టి దీన్ని కేవలం కంప్యూటరు ఇబ్బంది అనలేం.

తంటాలుపడి ఫలితాల పట్టిక తెప్పించారనుకుందాం. అందులో కేసు రకాన్ని సూచించే పొడి అక్షరాలు, నంబరు, సంవత్సరం, ఇరుపక్షాల పేర్లు ఉంటాయి. 'ఎం.సి.' అంటే మనోవర్తి కేసనీ, 'డి.వి.సి.' అంటే గృహహింస కేసనీ ఆమే పోల్చుకోవాలి. ఏ వాయిదా కోసం ఇంత వెతికిందో ఆ తేదీ మాత్రం కేసు తెరిస్తే గానీ కనపడదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. పురుషులు 48.8, 57.9 శాతం. అంటే చాలామంది స్త్రీల తరఫున వెతికేది అన్నో, తమ్ముడో, మన కార్యకర్తో. ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలని కోర్టుకెక్కిన మనిషి తేదీ కోసం మళ్లీ ఇంకొకరి మీద ఆధారపడుతోంది.

పేరు తెలుగులో కొట్టే వీలుండాలి. ఉచ్చారణ దగ్గరగా ఉన్న స్పెల్లింగులన్నీ రావాలి. కేసు రకం పూర్తిగా తెలుగులో, దాని పక్కనే తర్వాతి వాయిదా తేదీ, మొదటి పట్టికలోనే కనపడాలి. ఏమీ దొరకనప్పుడు ఏ వివరం మార్చి చూడాలో చెప్పాలి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. వెతకడం సులువైతే అది ఆమెకొక్కదానికే సులువవదు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకీ, ఉద్యోగమిచ్చేవాళ్లకీ ఆమె కేసు చరిత్ర తెరుచుకుంటుంది. అందుకని గృహహింస, మనోవర్తి కేసుల్లో ఇరుపక్షాల పేర్లూ ఇస్తేనే ఫలితం రావాలి. అప్పుడైనా తేదీ మాత్రమే చూపాలి. మిగతా వివరాలకి సి.ఎన్.ఆర్. నంబరు అడగాలి. ఆ నంబరుని కేసు దాఖలైన రోజే కాగితం మీద రాసి ఆమె చేతికివ్వాలి.

ఇవన్నీ ఎవరూ అడక్కుండా జరగవు. న్యాయ సహాయ శిబిరాల్లో మనం ఆ స్త్రీల పక్కన కూర్చుని వెతికించాలి. ఎక్కడ ఆగిపోతున్నారో పేర్లు లేకుండా రాసుకుని, జిల్లా న్యాయసేవాధికార సంస్థకీ, హైకోర్టుకీ పంపాలి.