పేరుకే రేసు బండి

అన్నలారా, ఊళ్లె తమ్ముడు ఫోటో పంపుతడు, మనం ఇక్కడ ఓవర్‌టైం చేసి పైసలు పంపుతం. నడిపి చూసినవా అని మాత్రం అడగం. యమహా ఆర్15నే తీసుకోండి. చూడ్డానికి రేసు బండి, ఇంజిన్ 155 సీసీయే. క్లచ్ మెత్తన, ఏబీఎస్ ఉంది, కొత్తోడు కూడా తొందరగానే అలవాటు పడతడు. ఇంతవరకు నిజమే. కానీ సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు, హ్యాండిల్ కిందికి. ఒంటి బరువు మణికట్ల మీద పడ్తది. షోరూమోళ్లు సాఫు రోడ్డు మీద ఒక్క రౌండు తిప్పిస్తే ఇది తెలుస్తదా? ట్రాఫిక్‌లో అరగంట నడుపుతానని తమ్ముడు గట్టిగా అడగాలె. వెనక అమ్మను కూర్చోబెట్టి చూడాలె. ఆ పిడికెడు సీటు మీద అమ్మ ఆస్పత్రిదాకా పోగలదా? షోరూమోళ్లు కుదరదంటే, మన పైసలు ఇంకో షోరూంకు పోతయి.