కూషీయుని పాత గుడ్డలు



మన గ్రామములనుండి చదువుకు, ఉద్యోగమునకు వెళ్ళిన బిడ్డలు కూకట్‌పల్లి హాస్టళ్ళలో ఎందరో ఉన్నారు. గది అద్దెకు అడిగితే ముందు కులము విచారించుట వారెరిగినదే. ఆఫ్రికా విద్యార్థి అడిగితే ఇంకొక మాట వచ్చును: “మీవాళ్ళు మత్తుమందులు అమ్ముతారట గదా!”

2022 జనవరిలో హైదరాబాదు పోలీసులు మత్తుమందుల కేసులో ఒక నైజీరియా దేశస్థునితోబాటు, కొనుచున్న మన వ్యాపారులను కూడ అరెస్టు చేసిరి. ఆ తర్వాత వ్యాపారులందరినీ ఎవరైన అనుమానించిరా? నల్లనివారిని మాత్రము అందరినీ ఒకే త్రాటికి కట్టితిమి.

ఆ త్రాడు ఎంతదూరము లాగునో 2014 జనవరిలో ఢిల్లీ ఖిర్కీ ఎక్స్‌టెన్షన్‌లో చూచితిమి. న్యాయశాఖ మంత్రి సోమ్‌నాథ్ భారతి అర్ధరాత్రి జనమును వెంటబెట్టుకొని వచ్చి, ఆఫ్రికా స్త్రీలు వ్యభిచారము, మత్తుమందుల వ్యాపారము చేయుచున్నారని, ఇల్లు సోదా చేయుమని పోలీసులను ఒత్తిడి చేసెను. వారంటు లేదని పోలీసు అధికారి నిరాకరించెను. ఐనను ఆ స్త్రీలను ఆసుపత్రికి తీసికొనిపోయి పరీక్షలు చేయించిరి. మత్తుమందు ఆనవాలు ఏమియు కనబడలేదు. వారంటు అడిగిన పోలీసులనే సస్పెండు చేయవలెనని తర్వాత ముఖ్యమంత్రియే వీధిలో ధర్నాకు కూర్చుండెను!

పబ్బుల తరపున మాట్లాడుట నా పని కాదు. త్రాగుడును గూర్చి సంఘము ఏమనునో మీకు తెలియును. కాని రాత్రివేళ రోడ్డుమీద ఉన్నంతమాత్రాన, చర్మము నల్లగా ఉన్నంతమాత్రాన ఎవరును దోషి కారు. హోటళ్ళలో, వినోదస్థలములలో జాతివివక్ష కూడదను రాజ్యాంగము 15వ అధికరణము పౌరులకే వర్తించును. పరదేశికి మిగిలినవి 14, 21 అధికరణములు: చట్టము ముందు సమానత్వము, ప్రాణస్వేచ్ఛలు. అవి ప్రతి మనిషికిని చెందును.

మనవాడును ఒకచోట పరదేశియే. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని ఒలేత పట్టణమున ఒక బారులో శ్రీనివాస్ కూచిభొట్లను “నా దేశము విడిచి పొమ్ము” అని కేకలు వేసినవాడు కాల్చి చంపెను. అడ్డుపడబోయి తూటా దెబ్బ తిన్న ఇయాన్ గ్రిల్లట్ అక్కడి తెల్లవాడే.

యిర్మీయాను బురద గోతిలో దింపినప్పుడు రాజునొద్దకు వెళ్ళి మాట్లాడినవాడు కూషీయుడైన ఎబెద్మెలెకు. త్రాళ్ళు ప్రవక్త చంకలను ఒరయకుండునట్లు పాత గుడ్డలు కూడ గోతిలోనికి దింపెను. మన పిల్లల సండేస్కూలు బొమ్మలలో ఆయన ముఖమును ఏ రంగుతో వేయుచున్నారో ఈ ఆదివారము చూడుడి.