తంగేడు పూసే వేళ

ఈ వారం పెరటి ముచ్చట్లలో పెరట్లో లేని మొక్క గురించి చెప్పుకుందాం. గులాబీకి ఎరువు వేస్తాం, మల్లెకు పందిరి కడతాం. తంగేడుకి ఎవరైనా చెంబెడు నీళ్ళు పోశారా చెప్పండి? గట్ల మీద, బీళ్ళలో, రాళ్ళ నేలలో దానంతటదే మొలుస్తుంది. వానలు వెనకబట్టే వేళకి ఒళ్ళంతా పసుపు పూసుకున్నట్టు విరగబూస్తుంది. వెనకటికి దీని బెరడుతో తోళ్ళు పదును చేసేవారు కూడాను.

తెలంగాణ ఆడపడుచులకు ఈ పువ్వు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది! మిగతావాళ్ళ కోసం నాలుగు మాటలు. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలుపెట్టి తొమ్మిది రోజులు ఆడతారు, చివరిది సద్దుల బతుకమ్మ. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరచి తంగేడు, గునుగు, కట్ల, బంతి వరసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలుపుతారు. మామూలుగా అయితే దేవతను పెట్టి పూలు వేస్తాం కదా, ఇక్కడ పూలే దేవత! అవీ కొన్న పూలు కావు, చేలగట్ల మీద పూసినవి. తంగేడు లేని బతుకమ్మంటే పెళ్ళికూతురు లేని పందిరే.

తెలంగాణ యాసను సినిమాల్లో రౌడీలకీ హాస్యగాళ్ళకీ అంటగట్టి ఏళ్ళ తరబడి నవ్వించారు. పండుగలన్నా అంతే చిన్నచూపు. ఆ నవ్వులు విన్న ఆడవాళ్ళే ఉద్యమం రోజుల్లో బతుకమ్మను చెరువుగట్టు నుంచి నడిరోడ్డుకి తెచ్చారు. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. ఆ ఏటి బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆ సమ్మెలోనే వచ్చాయి. ఉద్యమంలో రోడ్డు మీదే పొయ్యి పెట్టి వంటావార్పూ చేశారు, రోడ్డు మీదే బతుకమ్మా ఆడారు. పాత పాటల వరసలోనే కొత్త మాటలు కట్టుకున్నారు. జెండా పట్టడానికి జంకే ఇల్లాలు కూడా తాంబాళం ఎత్తుకుని గడప దాటింది. నన్నడిగితే అదే అసలు సంగతి.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ ఏడే బతుకమ్మ రాష్ట్ర పండుగైంది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది.

పదవైతే వచ్చింది గానీ, దాని చోటే పోతోంది! బీళ్ళన్నీ ప్లాట్లయిపోయాయి. ఊరి చివర ఊరికే దొరికే పువ్వును పట్నంలో కట్ట ఇంతని బేరమాడి కొంటున్నాం. అమ్మేవాళ్ళు కొందరు కొమ్మల్ని మొదలంటా విరిచేస్తున్నారు కూడా. అలా విరిస్తే వచ్చే ఏటికి పువ్వెక్కడిది?

మీరే కోస్తే కత్తెరతో పూగుత్తి వరకే కత్తిరించండి. ప్రతి మొక్కకీ నాలుగు గుత్తులు కాయలకని వదిలెయ్యండి. కోసినవాటిని తడిగుడ్డలో చుట్టి నీడన పెడితే పేర్చే వేళకి వాడకుండా ఉంటాయి. గుత్తుల కాడలన్నీ ఒక్క పొడవున ఉంటే వరస చక్కగా నిలుస్తుంది. ఇక పూలయ్యాక చదునైన కాయలు వేలాడతాయి. అవి బాగా ఎండి గోధుమరంగుకి తిరిగాక కోసి, గింజలు తీసి డబ్బాలో దాచుకోండి. తొలకరికి ఒక రాత్రి నానబెట్టి, ఎండ బాగా తగిలే ప్రహరీగోడ వెంట నాటండి. నీళ్ళు నిలిచే చోటు మాత్రం వద్దు.